కిటికీలోని ప్రథమ ఫలం

పోయిన వారం లూదియాను మనం నంద్యాల ప్లాంటులో, తలుపు తీసిన ఇనుప బీరువా ముందు వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది. పక్కన ఆమె పైఅధికారి శ్యాంసుందర్, ఆయన వెనక పరీక్ష యంత్రం చూసే ప్రవళిక. ముగ్గురి చూపూ ఒక గాజు సీసా మీదే ఉంది. మూత చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పెచ్చు, అడుగున నూనె మాదిరి చిక్కటి పొర. ఇలాంటివి ఎన్ని నింపారని శ్యాంసుందర్ అడిగాడు. రెండని లూదియా చెప్పింది. రెండోది ఎక్కడుందని అడిగేసరికి ఆమె చూపు సీసా మీద నుంచి గోడ గడియారం మీదికి పోయింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. గడివేముల దారిలో ఉన్న ఈ చిన్న ప్లాంటులో చేసే పని ఒక్కటే. నూకల నుంచీ మొక్కజొన్న నుంచీ తీసిన ఎథనాల్‌ను, అంటే శుద్ధమైన స్పిరిట్‌ను, ఆవిరి చేసి, బాగా కాగిన గొట్టంలో పరిచిన తెల్లటి పొడి మీదుగా పంపుతారు. మెగ్నీషియం ఆక్సైడూ అల్యూమినియం ఆక్సైడూ కలిసిన పొడి అది. తాను మారకుండా ఎథనాల్‌ను మార్చడం దాని పని. సరిగ్గా కుదిరితే గొట్టం అటువైపు నుంచి బ్యూటనాల్ వస్తుంది. రంగుల కంపెనీలకు అది లేనిదే గడవదు. పొడి కుదరకపోతే మాత్రం వచ్చేది ఈథర్. ఈ రెండింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు, అంతే లెక్కలో. ఒకదానితో ఒకటి అతుక్కున్న తీరు మాత్రమే వేరు. ఆ కాస్త తేడాకే బ్యూటనాల్ ఏళ్ల తరబడి డబ్బాలో బుద్ధిగా పడి ఉంటుంది. ఈథర్‌కు గాలీ వెలుతురూ తగిలితే కొన్ని నెలల్లో లోపలే పెరాక్సైడ్ అనే పేలుడు సరుకు పుడుతుంది. ఆ తర్వాత మూత తిప్పినా చాలు, కాస్త గట్టిగా కింద పెట్టినా చాలు. బజారులో అమ్మే ఈథర్‌లో అలా కాకుండా ముందే మందు కలుపుతారు. ఇది ఈథర్ అని తెలిస్తే కదా వీళ్లు మందు కలపడానికి.

పది నెలల కిందట, మొదటిసారి పొడి తయారు చేసినప్పుడు క్షారం తక్కువ పడింది. దాంతో మెగ్నీషియమంతా కడిగిన నీళ్లతో పాటే కాలువలోకి పోయి, ఒట్టి అల్యూమినియం ఆక్సైడ్ మిగిలింది. పరీక్ష యంత్రం అప్పటికింకా రాలేదు. గొట్టం చివర మొదటి చుక్క రాలినప్పుడు గదంతా తియ్యటి వాసన కమ్ముకుంది. బ్యూటనాల్‌కు అంత తియ్యటి వాసన ఉండదని ఎమ్మెస్సీ చదివిన లూదియాకు తెలియాలి. శ్యాంసుందర్‌కైతే ఇంకా బాగా తెలియాలి. సంతోషంలో ఉన్నప్పుడు మనుషులకు ముక్కు కూడా పనిచేయదేమో, ఆ రోజు అందరూ స్వీట్లు పంచుకున్నారు. తర్వాత చేసిన పొడితో నిజంగానే బ్యూటనాల్ వచ్చింది కాబట్టి మొదటిదీ అదేననుకుని ఊరుకున్నారు. ఈ పొద్దున ప్రవళిక, పోల్చి చూద్దామని, డబ్బా అడుగున మిగిలిన ఆ మొదటి పొడిని గొట్టంలో వేసి నడిపింది. వచ్చింది దాదాపు అంతా ఈథరేనని యంత్రం చెప్పింది.

"రెండోది యాడుంది లూదియా?" శ్యాంసుందర్ మళ్లీ అడిగాడు.

"ఆళ్లగడ్డలో సార్. మా చర్చిలో."

"చర్చిలోకి ఎట్ల పోయింది?"

"మా నాయన ప్రథమ ఫలంగా ఇచ్చినాడు."

ఈ మాట అర్థం కావాలంటే ఏలీయాను గురించి కొంచెం తెలియాలి. లూదియా తండ్రి ఏలీయా శనగ చేలల్లోనూ పత్తి చేలల్లోనూ కూలి చేసి బిడ్డను చదివించాడు. ఇప్పుడు చర్చిలో సంఘ పెద్ద. ఏ పనిలోనైనా మొదట చేతికి వచ్చింది దేవుడిదని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, ఆ సంఘంలో అందరిదీ. మొదటి తీత పత్తి, మొదటి పుట్టి జొన్నలు, కొత్తగా పెట్టిన కోడి మొదటి గుడ్లు, ఏదైనా సరే ముందు చర్చికి పోవాలి. కూతురు స్పిరిట్‌ను ఇంకొకటిగా మార్చే పనిలో చేరిందని తెలిసినప్పుడు, ఆ పనిలో మొదట వచ్చింది తనకు తెచ్చి ఇమ్మన్నాడు. లూదియా నవ్వింది, తర్వాత ఆలోచించి ఒప్పుకుంది. ఒక సీసా ఇంటికి తీసుకుపోతానని అడిగితే సరేనన్నది శ్యాంసుందరే. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆయన ముఖం పాలిపోయింది.

"చీకట్లో బీరువాలో ఉన్నదే ఇట్లయితే," అని ప్రవళిక మొదలుపెట్టి, మిగతాది మింగేసింది.

"ఆడ దాన్ని లోపల పెట్టినారా, బయట పెట్టినారా?" అన్నాడు శ్యాంసుందర్.

"కిటికీలో సార్. పొద్దున ఎండ నేరుగా పడతాది. అందరికీ మెరుస్తా కనపడాలని నాయనే ఆడ పెట్టించినాడు. ఈ పొద్దు కోత పండుగ. ఆరాధన అయినాక కానుకలన్నీ వేలం వేస్తారు. వేలానికి ముందు మూత తీసి అందరికీ వాసన చూపిస్తానని నిన్న ఫోన్‌లో చెప్పినాడు."

చెప్తూ చెప్తూనే ఆమె ఫోన్ తీసింది. ఏలీయా ఫోన్ ఆపేసి ఉంది. పాస్టరు ప్రభాకర్ ఫోన్ ఆపేసి ఉంది. ముందు వరసలో కూర్చునే కృపమ్మ ఫోనూ అంతే. ఆరాధన మొదలయ్యే ముందు గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరి చేత ఫోన్ ఆపించి మరీ లోపలికి పంపేది ఏలీయానే. ఆ పని ఆయన ఎంత ఖచ్చితంగా చేస్తాడో కూతురికి తెలుసు.

ప్రవళికను గది తలుపుకు తాళం వేసి దూరంగా కాపలా ఉండమని, పోలీసులకు ఫోన్ చెయ్యమని చెప్పి, శ్యాంసుందర్ జీపు తీశాడు. లూదియా ఎక్కి కూర్చుంది.

నంద్యాల దాటారు. ఎడమవైపు నల్లమల కొండలు, కుడివైపు కోసేసిన మొక్కజొన్న చేలు. రోడ్డు నిండా కంకుల ట్రాక్టర్లు. ఒక్కో ట్రాక్టరునూ దాటడానికి శ్యాంసుందర్ హారన్ మోగిస్తుంటే లూదియాకు ఒకే ఆలోచన. ఆ మూత ఎలాంటిది? మర మూత. మరల మధ్య ఆ తెల్లటి పెచ్చు చేరి ఉంటే, తిప్పినప్పుడు నలుగుతుంది. నలిగితే చాలు. తండ్రి చేతులు ఆమెకు కళ్ల ముందు కదిలాయి. పత్తికాయలు వలిచి వలిచి కాయలు కాసిన చేతులు. బిగుసుకున్న మూతను వదిలిపెట్టే చేతులు కావవి.

సిరివెళ్ల దగ్గర ప్రవళిక ఫోన్ చేసింది. పోలీసుల బాంబు దళం కర్నూలు నుంచి రావాలట, బయల్దేరుతున్నారట. వాళ్లు వచ్చేదాకా సీసాను ఎవరూ ముట్టుకోవద్దని, మనుషులందరినీ దూరం పంపమని చెప్పారట.

"ముట్టుకోకుంటే చాలు," అన్నాడు శ్యాంసుందర్. "కిటికీలో ఉన్నదాన్ని కిటికీలోనే ఉండనిస్తే ఏం కాదు. నువ్వు ధైర్యంగా ఉండు."

"మీకు ధైర్యంగా ఉందా సార్?"

ఆయన ముందున్న ట్రాక్టరుకు హారన్ కొట్టాడు. అబద్ధం చెప్పకపోవడమే ఆ మనిషిలో ఉన్న మంచి గుణం.

ఆళ్లగడ్డలో ఊరి చివర, మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి వీధిలో ఉంటుంది ఆ చర్చి. వీధికి అవతల పాస్టరు ఇల్లు. జీపు ఆగేసరికి పాస్టరు ఇంటి వెనక నుంచి పండుగ వంటల పొగ లేస్తోంది. చర్చి మెట్ల దగ్గర చెప్పుల గుట్ట. లోపల పాట అయిపోయి పాస్టరు గొంతు వినిపిస్తోంది. గుమ్మడికాయ వేలం వేస్తున్నాడు. జనం నవ్వుతున్నారు. ఆ నవ్వు విని లూదియాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఏమీ జరగలేదన్న మాట.

గుమ్మంలో నిలబడి ముందు కిటికీ వైపు చూసింది. కిటికీ ఖాళీగా ఉంది.

సీసా ఏలీయా చేతుల్లో ఉంది. ప్రసంగ వేదిక పక్కన, శనగ బస్తాలకూ పత్తి కుప్పకూ మధ్య, తెల్ల పంచె తెల్ల చొక్కా వేసుకుని, తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. సీసాను ఎడమ చేత్తో గుండెకు ఆనించి పట్టుకున్నాడు. సగానికి పైగా ఖాళీ. అడుగున ఉన్నది నీళ్లలా లేదు. మూత చుట్టూ తెల్లగా, బీరువాలో చూసిన దానికంటే మందంగా కట్టింది. ఆయన కుడిచేతి వేళ్లకు తువ్వాలు కొస చుట్టుకుని మూతను పట్టుకుని ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. అప్పటికే ఒకసారి బలంగా తిప్పి చూశాడని ఆ ముఖమే చెబుతోంది.

కేక వేయాలని ఆమె నోరు తెరిచింది. కేక వేస్తే ఉలిక్కిపడతాడు. నోరు మూసుకుంది. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల మధ్యగా, ఎవరి కాలూ తొక్కకుండా, పెళ్లికి ఆలస్యంగా వచ్చినదానిలా తలవంచుకుని నడిచింది. శ్యాంసుందర్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. భయపడ్డాడని అనుకుంటే అనుకోండి, నిజమే.

ఏలీయా కూతుర్ని చూసి ముఖమంతా నవ్వాడు.

"రానంటివే, వచ్చినావే పాపా. మంచి టైముకొచ్చినావ్. ఈ మూత బిగుసుకోని పోయినాది, రాకుండా ఉంది. నువ్వే తియ్యి."

"మూత మీద చెయ్యి తియ్యి నాయనా. మెల్లగా."

"ఏందీ?"

"ఆ చెయ్యి తియ్యి. ఈ చెయ్యి అట్లే ఉండనీ. కదలొద్దు."

ఆమె గొంతు ఎలా ఉందో ఏమో, ఏలీయా నవ్వు ఆగిపోయింది. కుడి చెయ్యి తీశాడు. తువ్వాలు కొస పెచ్చుకు తగులుకుని ఒక క్షణం లాగింది, తర్వాత వదిలింది. లూదియా కళ్లు మూసుకుని తెరిచింది. తండ్రి ఇంకా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఆమె పాస్టరు వైపు తిరిగి, ఆయనకు మాత్రమే వినిపించేలా చెప్పింది.

"అయ్యగారూ, అందర్నీ బయటికి పంపండి. పరుగెత్తొద్దు, తోసుకోవద్దు. ఎందుకని ఇప్పుడు చెప్పొద్దండి, గలాటా అవుతాది. మీ ఇంటికి తీసుకుపోండి. ఆడైతే దూరం ఉంటాది."

ప్రభాకర్ ఆమె ముఖం చూశాడు, ఏలీయా చేతిలోని సీసా చూశాడు. చాలామంది పాస్టర్లకు లేని తెలివి ఒకటి ఆయనకుంది, అక్కర్లేని చోట ప్రశ్న వేయడు. మైకు అందుకుని, మిగతా వేలం మా ఇంటి దగ్గర జరుగుతుంది, పాట పాడుకుంటూ పోదాం రండి అన్నాడు. తానే ముందు పాట ఎత్తుకున్నాడు. జనం కొంచెం గొణిగారు, కొంచెం విస్తుపోయారు, లేచారు. కృపమ్మ ఒక్కతే ముందు వరసలో కూర్చుండిపోయి, "ఏం జరగతాందో చెప్తేగాని నేను లేచేదిల్యా," అంది. ఎవరో ఇద్దరు ఆమె రెట్టలు పట్టుకుని లేపారు. గుమ్మం దాటుతూ కూడా ఆమె వెనక్కి వెనక్కి చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

పాట వీధి దాటి అవతలికి పోయింది. చర్చిలో తండ్రీ కూతురూ మిగిలారు.

"ఇంగ చెప్పు," అన్నాడు ఏలీయా.

"అది నేను నీకు చెప్పిన సరుకు కాదు నాయనా. పొడి సరిగ్గా కుదరక వేరేది వచ్చినాది. అదీ చెడిపోయినాది. ఎండకు లోపల మందుగుండు మాదిరి తయారైంది. ఆ మూత కదిలింటే ఈడ ఎవరమూ మిగిలేవాళ్లం కాదు."

ఏలీయా సీసా వైపు చూసుకున్నాడు. భయపడతాడని లూదియా అనుకుంది. ఆయన ముఖంలోకి వచ్చింది భయం కాదు.

"నీకు ఎప్పుడు తెలిసె?"

"ఈ పొద్దే."

"అంటే ఏందో చూసుకోకనే తెచ్చి నా చేతికిచ్చినావు."

"మంచిదే అనుకున్నా నాయనా."

"అనుకున్నావు. నేను ప్రతి ఆదివారం ఆ కిటికీ తుడిచినా. వచ్చినోళ్లందరికీ చూపించినా, నా బిడ్డ చేసింది, దేవుని ముందర పెట్టినా అని చెప్పుకున్నా. గడివేముల సంఘం వాళ్లొస్తే వాళ్లకు గూడా చూపించినా. కుంటి గొర్రెను తోలుకొస్తే దేవుడు తీసుకోడని నీకు చిన్నప్పుడు నేర్పింది నేనే. నువ్వు నా చేత్తోనే కుంటిదాన్ని పెట్టిస్తివి."

మాట మాటకూ ఆయన గొంతు పెరుగుతోంది, గొంతుతో పాటు చెయ్యి ఊగుతోంది. సీసాలోని చిక్కటి ద్రవం ఒకవైపుకు మెల్లగా జారి మళ్లీ వెనక్కి వచ్చింది. తాను చచ్చిపోతానన్న భయం లూదియాకు అప్పుడు లేదు. ఈ మాట మీద, ఈ కోపంలో, తనను క్షమించకుండా తండ్రి పోతాడేమోనని మాత్రం భయమేసింది. ఆ భయంలో కొంచెం స్వార్థం ఉందని ఆమెకూ తెలుసు.

"నన్ను తిట్టు నాయనా. ఎంతన్నా తిట్టు. దాన్ని కింద పెట్టి, బయటికొచ్చి తిట్టు."

"దేవునికిచ్చినదాన్ని నేల మీద పెట్టల్లా?"

"నేల మీద వద్దు. ఆ పత్తి కుప్ప మీద పెట్టు. పత్తీ ఆయనకిచ్చిందే గదా. ఆయన సొమ్ము మీద ఆయన సొమ్ము పెట్టినట్టే."

ఏలీయా పత్తి కుప్ప వైపు చూశాడు. ఆలోచించాడు. ఈ సమయంలో ఆలోచించేవాడు ఈయనొక్కడేనేమో అనిపించి లూదియాకు ఏడుపొచ్చింది.

"సరే. నువ్వు బయటికి పో. పెడతా."

"నేను పోను."

"నువ్వు పోతేనే పెడతా."

"నాయనా, చెయ్యి వణకతాంది నీకు. నేను పట్టుకుంటా."

"నాకు చెప్పొద్దు. పొమ్మంటే పో."

వాదించే కొద్దీ ఆ చెయ్యి మరింత అలసిపోతోంది. లూదియాకు ఆ లెక్క అర్థమైంది. ఇంకో మాట మాట్లాడకుండా వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దగ్గరికి వచ్చింది. శ్యాంసుందర్ ఆమె భుజం పట్టుకుని బయటికి లాగబోయాడు. ఆమె ద్వారబంధం పట్టుకుని కదల్లేదు.

ఏలీయా పత్తి కుప్ప ముందు నిలబడి, ఒక మోకాలు వంచాడు. తర్వాత రెండోది. ఆ మోకాళ్ల చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ముందుకు వంగి, సీసాను రెండు చేతులతో పత్తిలోకి దించాడు. పత్తి లోపలికి కుంగింది. సీసా కొంచెం వాలింది. ఆయన చేతులు తీయలేదు. అలాగే పట్టుకుని, అది కుదురుకునేదాకా ఆగాడు. తర్వాత ఒక చెయ్యి తీశాడు. రెండో చెయ్యి తీస్తుంటే వేళ్లకు పత్తి అంటుకుని, పత్తితో పాటు సీసా కూడా కొద్దిగా లేచింది. లూదియా నోట్లో చీర కొంగు కుక్కుకుంది. ఏలీయా కదలకుండా, ఇంకో చేత్తో ఒక్కొక్క పోగూ వేళ్ల మీద నుంచి వలుచుకున్నాడు. ఏళ్ల తరబడి చేలో చేసిన పనే అది. చివరి పోగు వదిలింది. సీసా పత్తిలో కూర్చుంది.

ఆయన లేచాడు. లేచినవాడు వెంటనే రాలేదు. వేదిక వైపు తిరిగి తల వంచి నిలబడ్డాడు. ఏం చెప్పుకున్నాడో దేవుడికి తెలుసు, లూదియాకు మాత్రం ఆ కాస్త సేపట్లో సగం ప్రాణం పోయింది. తర్వాత ఆయన పొద్దున చర్చికి వచ్చినప్పుడు నడిచినంత నెమ్మదిగా నడిచి బయటికి వచ్చాడు. చెప్పుల గుట్టలో తన చెప్పులు వెతకబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఉత్తి కాళ్లతోనే లాక్కొచ్చింది. శ్యాంసుందర్ తలుపు దగ్గరకు వేసి, గొళ్లెం పెట్టకుండా, చప్పుడు కాకుండా వచ్చేశాడు.

జీపు వెనక ఎండలో ఆగారు. లూదియా తండ్రి చొక్కా పట్టుకుని, ఆయన భుజం మీద తల పెట్టి, గట్టిగా ఏడ్చేసింది. ఏలీయా కొంతసేపు కర్రలా నిలబడ్డాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి ఇంకా పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఊరుకో పాపా. అయిపాయ గదా."

"నన్ను క్షమించినావా నాయనా?"

"అది నా చేతిలో యాడుంది. ఆయన్నడుగు." ఆమె జుట్టుకు అంటిన పోగొకటి తీసి, "నేనైతే క్షమించినా," అన్నాడు.

అంత భయంలోనూ లూదియాకు నవ్వొచ్చింది. శ్యాంసుందర్ జీపుకు ఆనుకుని, చొక్కా జేబులోంచి రుమాలు తీసి మెడంతా తుడుచుకుని, పోలీసులకు ఫోన్ చేశాడు. సీసా కింద పెట్టేశామని, లోపల ఎవరూ లేరని, జనమంతా వీధి అవతల క్షేమంగా ఉన్నారని చెప్పాడు.

"ఆ పోలీసోళ్లొచ్చి ఏం చేస్తారు?" అన్నాడు ఏలీయా.

"ఊరి బయటికి తీసుకుపోయి, దూరం నుంచి పేల్చేస్తారు నాయనా."

"పెద్ద శబ్దం వస్తాదా?"

"చెప్పలేం. దాంట్లో ఉండేది తక్కువే. చానా ఆవిరై పోయింటాది."

"ఆవిరై పోయింది కొంచెమే," అన్నాడు ఏలీయా. "తక్కింది నేనే పోసిస్తి."

లూదియా తల పైకెత్తింది.

"ఎవరికి పోసిస్తివి?"

"ఎవరికేంది మా? దైవసేవకుని భాగం ఇయ్యకుండా ప్రథమ ఫలం ఎట్ల పెడతాం?"

ఆ మాట ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మొదటి తీత పత్తి చర్చికి పోతే, అందులో ఒక ఒడి నిండా పాస్టరు ఇంటికి పోతుంది. మొదటి జొన్నల్లో ఒక చేట, మొదటి గుడ్లలో రెండు. చిన్నప్పుడు ఆ చేట నెత్తిన పెట్టుకుని వీధి దాటింది తానే. సీసా విషయంలో ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

"అది యాడుంది ఇప్పుడు?"

"పాస్టరమ్మగారు వంటింటి కిటికీలో పెట్టుకోనుంది. చిన్న సీసా. తలనొప్పొచ్చినా, కండ్లు తిరిగినా దాని వాసన చూస్తే తగ్గుతాదంట. మూత బిగుసుకోని పోయిందని మొన్ననే చెప్తాండె."

లూదియా వీధి అవతలికి చూసింది. పాట ఎప్పుడో ఆగిపోయింది. తాను పంపిన జనమంతా పాస్టరు ఇంటి వాకిట్లో గుంపుగా, ఎవరి చుట్టో మూగి ఉన్నారు. పిల్లలు ముందుకు తోసుకుని చూస్తున్నారు. గుంపు కొంచెం పక్కకు జరిగితే కింద పడుకోబెట్టిన కృపమ్మ కనిపించింది, కళ్లు మూసి ఉన్నాయి. పాస్టరమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి ఆమె తల దగ్గర కూర్చుంది. చేతిలో చిన్న సీసా ఎండకు మెరిసింది. కొంగు కొస మూతకు చుట్టి బలంగా తిప్పింది. అది రాలేదు. ఎవరో గట్టిగా తిప్పమ్మా అన్నారు. ఆమె సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ మూత మీద వేసింది.